మెక్సికన్ టేస్టింగ్ మెనూకి అంత డబ్బు పెట్టొచ్చా? మేం వెళ్ళొచ్చాం కాబట్టి చెబుతున్నాను

అమలాపురం నుంచి ఒకావిడ అడిగారు: "అమెరికాలో ఉన్న మా అమ్మాయి మా పెళ్ళిరోజుకి పెద్ద మెక్సికన్ రెస్టారెంట్‌లో టేస్టింగ్ మెనూ, అంటే కొంచెం కొంచెంగా చాలా రకాలు వడ్డించే భోజనం, బుక్ చేస్తానంటోంది. మేం కారం, పులుపు బాగా తినేవాళ్ళం. అంత ఖరీదుకి తగ్గట్టు ఉంటుందా? ఎవరైనా వెళ్ళారా?"

వెళ్ళండి. కాకపోతే డబ్బు కట్టేముందు మీ అమ్మాయి చేత ఫోన్ చేయించి ఒక్క సంగతి అడిగించండి. టోర్టియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, వాళ్ళే చేస్తారా, మొక్కజొన్న గింజలు అక్కడే సున్నపునీళ్ళలో ఉడకబెట్టి రుబ్బుతారా అని. తడుముకోకుండా అవునన్నారంటే ధైర్యంగా బుక్ చేసుకోవచ్చు. మా అల్లుడు తీసుకెళ్ళిన చోట ఆ పని జరగలేదు. మా భోజనం చెడింది అక్కడే.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. రొయ్యల చెరువులున్నాయి. పోయిన వేసవిలో అమ్మాయి దగ్గరికి హ్యూస్టన్ వెళ్ళినప్పుడు, మా పెళ్ళిరోజని అల్లుడు చాలా ముందునుంచే సీట్లు పట్టి ఉంచాడు. మనిషికి 165 డాలర్లు, దాని మీద పన్ను, 20 శాతం సర్వీసు ఛార్జీ. నలుగురికి కలిపి 850కి దగ్గర పడింది. పిల్లాడు అంత ప్రేమగా చేసిన ఏర్పాటు కదా, నచ్చలేదని పైకి అనడానికి మా ఇద్దరికీ మనసు రాలేదు. ఇంటికొచ్చాక వాడే అన్నాడు, "అత్తయ్యా, ఏదో తేడాగా ఉంది కదా" అని. ఆ తేడా ఏమిటో మీకైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేను ఎంతో ఆశగా వెళ్ళాను. మా చెరువుల్లో ఇప్పుడు పెరిగే వనామీ రొయ్య మెక్సికో దేశపు సముద్రానిదే. మెక్సికోలో సొనోరా దగ్గర మొదలుపెట్టి పెరూ ఉత్తర భాగం దాకా పసిఫిక్ తీరమంతా దాని పుట్టిల్లు. తెల్లమచ్చ తెగులుతో టైగర్ రొయ్య రైతులు చితికిపోయాక, 2009లో మన దేశంలో వనామీ సాగుకి అనుమతిచ్చారు. మా ఇల్లు నిలబడింది దానివల్లే. మనం పులుసులో వేసే మిరపకాయా అక్కడినుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిందే. ఈ రెండిటినీ వాళ్ళ సొంత మనుషులు ఎలా వండుతారో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మొదట్లోనే అగ్వాచిలే అని రొయ్యల వంటకం తెచ్చారు. మెక్సికోలో సినలోవా రాష్ట్రంలో తింటారట. అట అనడం ఎందుకు, అమ్మాయి ఇంట్లో తర్వాత మేమే చేసుకున్నాం కూడా. పచ్చి రొయ్యని నిలువునా చీల్చి, నిమ్మరసం, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు కలిపి నూరిన రసం పోస్తారు. పొయ్యి అవసరం లేదు. దీనికి ఉన్న నియమమల్లా, రసం పొయ్యడానికీ తినడానికీ మధ్య ఎక్కువసేపు ఉండకూడదు. నిమ్మపులుపులో నానేకొద్దీ రొయ్య తెల్లబడి బిగుసుకుపోతుంది. మాకు వచ్చింది అలాంటిదే. పట్టుబడి రోజున గట్టు మీదే రొయ్య చేతిలోకి తీసుకుని బాగోగులు చెప్పే మనిషిని నేను. తాజా రొయ్య కొరికితే పటుక్కున తెగాలి, వెంటనే నాలుకకి తీపి తగలాలి. ఇది రబ్బరులా సాగింది. లోపలినుంచి పాత ఐసు వాసన కూడా కొట్టింది. మనిషికి రెండు ముక్కలు. వాటి మీద పూలు.

పరిమాణం చిన్నదని నా ఫిర్యాదు కాదండి. టేస్టింగ్ మెనూ అంటేనే కొంచెం కొంచెంగా చాలా రకాలు. చివరికి కడుపు నిండుతుంది. అయితే అది ఒక వరసలో నడవాలి. చల్లనిది, వేడిది, పుల్లనిది, కమ్మనిది, ఘాటైనది అలా మారుతూ పోవాలి. మాకు వరసగా వచ్చిన ప్రతి ప్లేటులోనూ అదే నిమ్మ పులుపు, అదే ఊరవేసిన ఎర్ర ఉల్లిపాయ. పైగా ఒక్కో ప్లేటుకీ మధ్య చాలాసేపు ఖాళీ. ప్లేటు పెట్టాక దాని చరిత్రంతా చెప్పేవాళ్ళు. ఆ అబ్బాయి పాపం శ్రద్ధగానే చెప్పాడు, కానీ అతను ముగించేలోపు పొగలు పోయి వంటకం చల్లారిపోయేది.

ఇక మోలే సంగతి. నాకు అసలు బాధ కలిగింది అక్కడే. మోలే అంటే టోర్టియాతో తినే చిక్కటి పులుసు లాంటిది. మెక్సికోలో వహాకా ప్రాంతపు నల్ల మోలే మామూలు వంట కాదు. ఎండుమిరపకాయలు రెండు మూడు రకాలు నల్లబడేదాకా వేయిస్తారు. నువ్వులు, బాదం, దాల్చినచెక్క, లవంగాలు, కూర అరటి, రొట్టె ముక్క, కొంచెం చాక్లెట్, ఇవన్నీ విడివిడిగా వేయించి, మెత్తగా నూరి, గంటల తరబడి కలుపుతూ ఉడికిస్తారు. మిరపకాయ రవ్వంత ఎక్కువ మాడితే చేదెక్కి మొత్తం పోతుంది. మాకు పెట్టినది రుచి చూస్తే చేసిన మనిషికి చెయ్యి తిరిగిందని తెలిసింది. ఆ రాత్రి మొత్తానికీ బాగున్నది అదొక్కటే. దాన్ని ఒక చెంచాడు ప్లేటు మీద గీతలా పూసి, దాని మీద బాతు మాంసం ముక్క ఒకటి పెట్టారు. టోర్టియా లేదు. గోంగూర పులుసు వడ్డించి అన్నం పెట్టకపోతే మనకెలా ఉంటుందో అలా ఉంది.

అడిగితే తెచ్చారు. చల్లగా, అంచులు గట్టిబడి, మడిస్తే విరిగిపోతున్నాయి. చల్లారాయని చెబితే మళ్ళీ తెచ్చారు. వేడి చేశారు గానీ అవీ ప్యాకెట్టువే. మొక్కజొన్న వాసనే లేదు.

ఇది చిన్న లోపం అనిపించవచ్చు, కానీ మెక్సికో వంటంతా దీనిమీదే నిలబడింది. గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి రాత్రంతా నాననిస్తారు. పొద్దున కడిగితే పైపొట్టు జారిపోతుంది. అప్పుడు రుబ్బితే ముద్ద కలిసి పెనం మీద పొంగే టోర్టియా అవుతుంది. సున్నం తగలని మొక్కజొన్న పిండి ఆ ముద్దకి రాదు. ఇందులో ఆరోగ్యం కూడా ఉంది. సున్నం వల్లే గింజలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఐరోపావాళ్ళు మొక్కజొన్నను పట్టుకెళ్ళారు, ఈ పద్ధతి వదిలేశారు. తర్వాత ఇటలీలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మొక్కజొన్నే తిని బతికిన పేదలకి పెల్లాగ్రా జబ్బు వచ్చింది. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ సున్నపు పద్ధతిని కూడా ప్రత్యేకంగా పేర్కొంది.

పేరున్న చోట్ల దీన్ని ఎలా గౌరవిస్తారో చూడండి. మెక్సికో సిటీలో ఎన్రికే ఒల్వేరా 2000లో పెట్టిన పుజోల్ అనే రెస్టారెంట్ ఉంది. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేడి చేస్తూ నిలిపిన మోలే గుండ్రంగా పోసి, మధ్యలో కొత్త మోలే పెట్టి ఇస్తారు. మాంసం లేదు, కూర లేదు. తోడు వేడి టోర్టియాలే. అదే నగరంలో ఎల్ కలీఫా దె లెయోన్ అనే చిన్న టాకో (టోర్టియాలో మాంసం పెట్టి ఇచ్చేది) అంగడికి 2024లో మిషెలిన్ నక్షత్రం, అంటే మంచి హోటళ్ళకి ఇచ్చే పెద్ద గుర్తింపు, వచ్చింది. నిలబడి తినే చోటు. నాలుగే రకాల టాకోలు. టోర్టియా మాత్రం కళ్ళెదుటే ఒత్తి కాలుస్తారు.

మా విషయానికి వస్తే, మేనేజరు వచ్చి మర్యాదగానే విన్నారు. క్షమించమని డెజర్టు ఒకటి ఎక్కువ పంపారు. నాకు కావలసింది ఆ మోలే ఇంకో గరిటెడు, నాలుగు వేడి టోర్టియాలు. అది మెనూలో లేదన్నారు.

తర్వాతి ఆదివారం అమ్మాయి వాళ్ళింటికి దగ్గర్లో, మెక్సికన్ కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చే హోటలుకి వెళ్ళాం. ఒకామె పెనం దగ్గర నిలబడి ఒకటొకటిగా కాలుస్తోంది. మా ఆయన మాట్లాడకుండా తిన్నారు. ఆయనకి నచ్చిందనడానికి అదే గుర్తు. పెద్ద హోటలు బిల్లులో పదో వంతు కూడా కాలేదు.

మీ అమ్మాయితో ఇంకో రెండు మాటలు చెప్పండి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిస్తారో లేదో ముందే చూసుకోమనండి, చాలాచోట్ల ఇవ్వరు. గొడ్డుమాంసం తిననివాళ్ళు, శాకాహారులు మీలో ఉంటే బుకింగ్‌లోనే రాయించండి. చిక్కుడుగింజల వంటలోనూ, ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న ముద్ద తమాలేలోనూ పంది కొవ్వు వేస్తారు, చూస్తే తెలియదు.

కారం గురించి అడిగారు. వంటకాల్లో మనకి సరిపడా ఉండదు. అక్కడ కారం పక్కన పెట్టే సాల్సాలో, అంటే మన పచ్చడి లాంటి దాంట్లో, ఉంటుంది. అబనేరో అనే మిరపకాయతో చేసిన సాల్సా ఉందా అని అడగండి. మన పచ్చిమిర్చి కన్నా బాగా ఘాటు. ముందు ఒక్క చుక్కే వేసుకోండి.