కాలనీ గ్రూపు చదవకపోతే ఏరియా సంగతులు తెలియవా?

"కొత్తగా హైదరాబాద్ చిక్కడపల్లిలో అద్దెకు దిగాం. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజుకు రెండొందల మెసేజ్‌లు, చదవలేకపోతున్నాం. బయటికి వచ్చేస్తే ఏరియాలో ఏం జరుగుతోందో తెలియదేమో" అని అడిగారు. నేను అక్కడికి దగ్గర్లోనే, చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కీ మధ్య ఒక గల్లీలో ఉంటాను. 1996లో నల్గొండ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పుడు మా ఇంట్లో ల్యాండ్‌లైన్ కూడా లేదు. చుట్టాలకిచ్చిన నంబరు ఎదురింటివాళ్లది, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్లు, అంటే పిలిచి ఇవ్వాల్సిన ఫోను అని. ఫోనొస్తే వాళ్లబ్బాయి గేటు దగ్గర నిలబడి కేకేసేవాడు. ఎవరి ఫోను, ఏ ఊరి నుంచి, అవతలివాళ్లది ఏడుపు గొంతా కాదా అన్నది మాకంటే ముందే గల్లీకి తెలిసిపోయేది. అందుకే వాట్సాప్ వచ్చాక మన గుట్టంతా రట్టవుతోందని ఎవరైనా వాపోతే నాకు పెద్దగా జాలి కలగదు.

గ్రూపులోంచి బయటికి రాకండి, మ్యూట్‌లో పెట్టుకోండి. కానీ ఏరియా వార్తల కోసం దాన్ని నమ్ముకోకండి. వార్తలు తెచ్చేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు మీ గుమ్మం ముందు నుంచే రోజూ వెళ్తుంటారు.

మొదటివాడు నీళ్లు వదిలే లైన్‌మన్. మన దగ్గర మంచినీళ్లు దినం తప్పి దినం వస్తాయి, మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వాల్వు తిప్పే పొడవాటి ఇనుప రాడ్డు బండికి కట్టుకుని వస్తాడు. మా అత్తగారికి మోటారు చప్పుడు వినిపించకపోయినా ఆ రాడ్డు రోడ్డుకి తగిలిన చప్పుడుకి మాత్రం మెలకువ వచ్చేసేది. ఎక్కడ పైపు పగిలింది, రేపు నీళ్లు వస్తాయా, ఎవరు కొత్తగా సంపు తవ్విస్తున్నారు, ఏ ఇల్లు బిల్డరు చేతికి పోతోంది, అన్నీ అతని దగ్గర ఉంటాయి. మా గ్రూపులో "నీళ్లు వచ్చాయా?" అన్న ప్రశ్నకు సగటున పదిహేను జవాబులొస్తాయి. అందులో నాలుగు గుడ్ మార్నింగులు. లైన్‌మన్ నంబరు తీసుకుని పెట్టుకోండి. అతను ఎత్తకపోతే జలమండలి 155313 ఉండనే ఉంది, ఫిర్యాదు నంబరు మాత్రం మరచిపోకుండా రాసుకోండి.

రెండోది, మీరు ఊహించరు, టిఫిన్ బండి. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లంతా చేరే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఇక్కడే ఉంది కాబట్టి మన ఏరియా వాతావరణం పరీక్షల నోటిఫికేషన్లను బట్టి మారుతుంది. నోటిఫికేషన్ పడబోతోందని గాలి మారగానే అశోక్‌నగర్‌లో రూముల అద్దెలు పెరుగుతాయి, ఇడ్లీ బండి దగ్గర ప్లేట్లు కడిగే కుర్రాడికి తోడు ఇంకో కుర్రాడు చేరతాడు. మా వీధి చివర బండాయన గెజిట్ చదవడు, పొద్దున ఎన్ని లీటర్ల పిండి అయిపోయిందో చూసి చెప్తాడు. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ అయ్యాక పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది చూడండి, ఆ సాయంత్రం నేను కూరగాయలకని బయటికొచ్చాను. టీ కొట్టు ముందు నలభై మంది దాకా కుర్రాళ్లు, అమ్మాయిలు. అందరి చేతుల్లో గ్లాసులు, ఎవరూ మాట్లాడటం లేదు. ఏమైందని ఎవరినీ అడగలేదు, ఇంటికొచ్చి టీవీ పెట్టాను. ఆ జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను కూడా హైకోర్టు రద్దు చేసింది. వాళ్లలో ఎంతమంది రూములు ఖాళీ చేసి ఊళ్లకెళ్లిపోయారో టూ-లెట్ బోర్డులు చెప్పాయి.

చావు కబుర్లు మాత్రం ఫ్లెక్సీల మీద వస్తాయి. ఫోటో, దండ, శ్రద్ధాంజలి, దశదినకర్మ ఎక్కడో ఏ రోజో. వాటి పక్కనే అంతకన్నా పెద్ద సైజులో ఎవరో లీడరు పుట్టినరోజు. రెండింటికీ ఒకే రంగులు వాడతారు, ఒకసారి దూరం నుంచి చూసి పొరబడ్డాను కూడా.

మామగారు ఉన్న రోజుల్లో ఈ పని పేపరు చేసేది. ఈనాడు వస్తే ఆయన అసలు పేపరు పక్కన పడేసి ముందు జిల్లా అనుబంధం తీసేవారు. త్యాగరాయ గానసభలో ఆ సాయంత్రం ఏముందో చూసుకుని, కర్ర పట్టుకుని బయల్దేరేవారు. హరికథ అయినా సన్మానసభ అయినా ఆయనకు ఒకటే, ఫ్యాన్ కింద సీటు దొరికితే చాలు. మీకు సాయంత్రాలు ఖాళీ ఉంటే వెళ్లండి, పక్క వీధి పెద్దవాళ్లంతా అక్కడే కలుస్తారు.

ఇక వినాయక చవితికి కుర్రాళ్లు రసీదు పుస్తకంతో వస్తారు. చందా ఎంతిచ్చినా పర్లేదు, గుమ్మంలోంచే పంపేయకండి, ఓ రెండు నిమిషాలు మాట్లాడండి. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు మారిపోయారో ఆ పుస్తకంలో ఉన్నంత సరిగ్గా ఓటర్ల జాబితాలో కూడా ఉండదు.

వర్షం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు నాలా, అదే వరద కాలువ, వైపు ఇల్లు తీసుకున్నారేమో నాకు తెలియదు. హుస్సేన్‌సాగర్ నిండితే ఆ నీళ్లు మన పక్క నాలాలోంచే మూసీకి పోవాలి. చెరువు పూర్తి మట్టం 513.41 మీటర్లు, ఈ అంకె మన వైపు చిన్నపిల్లలకు కూడా వచ్చు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మా పెద్దవాడికి అప్పుడు మూడేళ్లు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి వచ్చాడు, చేతిలో ప్యాకెట్లు లేవు. నాలా వైపు ఉన్న ప్రతి తలుపూ కొట్టుకుంటూ "నీళ్లొస్తున్నయమ్మా, లేవండి" అని చెప్పుకుంటూ వెళ్లాడు. కరెంటు లేదు, ఎదురింటి ఫోను మూగబోయింది. ఆ అబ్బాయి తలుపు కొట్టకపోతే కింద వాటాలో ఉన్న ముసలమ్మ గారిని మేం పైకి తెచ్చేవాళ్లం కాదు. ఆవిడ బియ్యం డబ్బా కోసం మళ్లీ కిందికి వెళ్తానని మా ఆయనతో పోట్లాడటం ఇప్పటికీ గుర్తుంది.

ఇరవై ఏళ్లకు, 2020 అక్టోబరు 13న మళ్లీ అలాంటి వానే. ఈసారి చేతిలో ఫోను, ఫోనులో గ్రూపు. కట్ట తెగిందని ఒకరు, తెగలేదు గేట్లు ఎత్తారని ఒకరు, కొట్టుకుపోతున్న కార్ల వీడియోలు ఒకటి తర్వాత ఒకటి. అందులో ఒక వీడియోలో షాపు బోర్డు తమిళంలో ఉంది! గంటసేపు గుండె దడతో అవే చూశాను. చివరికి మా ఆయన ఫోను లాక్కుని నాలా పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కాల్ చేశారు. అతను టార్చి వేసుకుని వెళ్లి చూసి వచ్చి, "సెల్లార్ మెట్లు పదకొండు సార్, ఆరు మునిగినయి" అన్నాడు. అరగంటకోసారి మెట్ల లెక్క చెప్తూ కూర్చున్నాడు. ఎనిమిది దగ్గర ఆగింది. గ్రూపులో అప్పటికి మూడొందల మెసేజ్‌లు, ఒక్క దాంట్లోనూ మెట్ల లెక్క లేదు.

ఇప్పుడు నేను గ్రూపుని ఎందుకు నమ్మనో అసలు కారణం చెప్తాను. తప్పు గ్రూపుది కాదు, నాదే.

2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని రాష్ట్రమంతా పుకార్లు పాకిన రోజులు. మా చెల్లెలు నాకొక ఆడియో పంపింది, ఎవరో మగగొంతు, గాభరాగా, "అడుక్కునేవాళ్లలా, సామాన్లు అమ్మేవాళ్లలా వస్తున్నారు, జాగ్రత్త" అని. నిజమో కాదో ఒక్క క్షణం ఆలోచించలేదు. పోతే ఒక మెసేజ్, ఉంటే ఒక ప్రాణం అనుకుని గల్లీ గ్రూపులో వేశాను. రెండు చేతుల దండాలు, "థ్యాంక్స్ ఆంటీ" లు బోలెడు వచ్చాయి. కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం గల్లీలో గోల. బాల్కనీలోంచి చూస్తే, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెను పదిమంది చుట్టుముట్టారు. గంప కింద పడేసి ఉంది, గిన్నెలు దొర్లుతున్నాయి. ఆమె చంకలో ఏడాది పిల్లాడు. "ఈ పిల్లాడెవడు? నీ కొడుకేనని రుజువేంటి?" అని ఒకావిడ అరుస్తోంది. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, భయానికి ఆ వచ్చిన తెలుగు కూడా పోయింది. ఒక కుర్రాడు ఫోనులో ఆడియో పెట్టి వినిపిస్తున్నాడు. నేను పంపిందే. కాళ్లు ఆడలేదు, కిందికి దిగడానికి అయిదు మెట్లకోసారి ఆగాను.

నేను వెళ్లేలోపే ఇస్త్రీ బండి అన్న అక్కడున్నాడు. బొగ్గుల పెట్టె చేతిలో అలాగే ఉంది, కింద పెట్టడం మరచిపోయినట్టున్నాడు. అది చూసి జనం ఓ అడుగు వెనక్కి జరిగారు. అరుస్తున్న ఆవిడతో, "ఏందమ్మా గిది, గీమె మనకు తెల్వని మనిషా? ఐదేండ్ల సంది గీ గల్లీల తిరుగుతున్నది. నీ వంటింట్ల గీమె ఇచ్చిన గిన్నెలు ఎన్నున్నయో పోయి లెక్కవెట్టు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీ ఇంట్ల గూడ ఉన్నది కదా మేడం, మూత పట్టని డబ్బా" అన్నాడు.

ఉంది. రెండు పట్టు అంచు చీరలిచ్చి, ఇంకో గిన్నె వెయ్యమని అరగంట బేరమాడి తీసుకున్న డబ్బా. మూత సరిగ్గా పట్టడం లేదని వారం రోజులు ఆమెను తిట్టుకున్నాను కూడా. అంత సేపు బేరమాడిన మనిషి మొహం నాకు గుర్తులేదు, ఇస్త్రీ అన్నకు మాత్రం ఆ డబ్బా మూత కూడా గుర్తుంది. ఆమె చంకలో పిల్లాడు కడుపులో ఉన్నప్పుడు కూడా ఆమె తిరిగిందట, నీళ్లు అడిగి ఆ బండి నీడన కూర్చునేదట.

ఆమె గిన్నెలు ఏరుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా గల్లీకి రాలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే, ఆ నెలాఖరులో, చాంద్రాయణగుట్ట వైపు ఇలాంటి పుకారుకే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. ఆ వార్త పేపర్లో చదివాక నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. జులైలో వాట్సాప్‌వాళ్లు మనదేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి అయిదు చాట్‌లకే అని కట్టడి చేశారు. నాకు ఒక్క గ్రూపే సరిపోయింది.

గ్రూపులో తప్పయిపోయిందని రాశాను. "పర్లేదు ఆంటీ, జాగ్రత్త కోసమే కదా" అన్నారు. ఆ తర్వాత నుంచి ఎవరిదైనా ఆడియో వస్తే ఇస్త్రీ బండి దగ్గరికి తీసుకెళ్లి వినిపిస్తాను. అన్న పూర్తిగా వినడు, చొక్కా కాలర్ మీద నీళ్లు చిలకరిస్తూ "గిది మన దిక్కు ముచ్చట కాదు మేడం" అంటాడు, ఇప్పటిదాకా తప్పలేదు.

మీరు బట్టలు ఎక్కడ ఇస్త్రీ చేయిస్తున్నారో చెప్పలేదు. ఆన్‌లైన్‌లో పికప్ అయితే మానేసి, మీ గల్లీ బండికి వేయండి. బట్టలు అక్కడ పడేసి వచ్చేయకుండా మీరే ఇచ్చి, మీరే తెచ్చుకోండి. సాయంత్రం ఆరు తర్వాత అయితే బండి దగ్గర రద్దీ తక్కువ, తీరిగ్గా మాట్లాడతాడు. ఇది రాస్తుండగానే మా గ్రూపులో "రేపు నీళ్లు బంద్" అని పెట్టారు. లైన్‌మన్‌కి ఫోన్ చేశాను. వస్తాయట, ఆరింటికి బదులు ఏడింటికి.