ఎర్ర చీమలు: పైన పొడి చల్లితే లోపల రాణి చావదు

ప్రశ్న: మాది పొదలకూరు మండలం. డ్రిప్పు పెట్టిన నిమ్మతోట ఉంది. రెండేళ్లుగా తోటలోనూ ఇంటి ముంగిటా ఎర్ర చీమలు విపరీతంగా పెరిగాయి. కలుపు తీసే ఆడవాళ్లు పాదుల దగ్గర కూర్చోలేకపోతున్నారు. మొన్న గంపలో పొదిగిన కోడిపిల్లల్ని చంపేశాయి. డ్రిప్పు పైపులకు బెజ్జాలు పడుతున్నాయి, ఇదీ చీమల పనేనా? గమాక్సిన్ చల్లితే నాలుగు రోజులు కనబడవు, తర్వాత పక్కనే ఇంకో పుట్ట లేస్తుంది. టెక్సాస్‌లో ఉండే మా అబ్బాయి అక్కడ నూకల్లాంటి మందు చల్లుతారని చెప్పాడు. అది ఇక్కడ దొరుకుతుందా? శాశ్వతంగా పోగొట్టే మార్గం చెప్పండి సార్.
– ఒక నిమ్మ రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు గమాక్సిన్ సంగతి. అసలు గమాక్సిన్‌ను, అంటే బీహెచ్‌సీ అనే పురుగుమందును, మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఇప్పుడు ఆ పేరు చెప్పి ఇచ్చే తెల్లపొడి ఏమిటో సంచి మీద చదవండి. లేబుల్ లేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. అది ఏ పొడి అయినా పైన తిరిగే పనిచీమల్నే చంపుతుంది. గుడ్లు పెట్టే రాణి లోపల క్షేమంగా ఉంటుంది. పుట్ట కదిలిందని తెలియగానే మిగిలిన చీమలు రాణినీ పిల్లల్నీ తీసుకుని కాస్త దూరంలో మళ్లీ పుట్ట పెడతాయి. మీరు చూస్తున్నది అదే.

చీమ ఏదో తేల్చుకోవాలి. పుట్టను పుల్లతో కదిపి చూడండి. క్షణాల్లో బిలబిలమని పైకి వచ్చి పుల్ల మీదికే ఎక్కుతుంటే, ఆ గుంపులో సన్న చీమలతో పాటు ఒంటికి మించిన తలకాయ ఉన్న పెద్ద చీమలు కూడా ఉంటే, అది మంట పుట్టించే ఎర్ర చీమే. ఆ పెద్ద తల గింజలు పగలగొట్టడానికి. ఇది దవడలతో చర్మాన్ని పట్టుకుని, వెనక కొండి వంచి, పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ పొడుస్తుంది. నిమ్మ, మామిడి కొమ్మల మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమలు వేరు. అవీ కరుస్తాయి గానీ పురుగుల్ని ఏరుకు తింటాయి, వాటి జోలికి పోవద్దు.

టెక్సాస్‌లో మీ అబ్బాయి చూసేది దీనికి దగ్గర చుట్టం, వేరే జాతి. మనది కూడా అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడల్లో ఆసియాకు చేరినదే. అక్కడ సోయానూనెలో నానిన మొక్కజొన్న నూకకు నిదానంగా పనిచేసే మందు పట్టించి చల్లుతారు. నిదానంగా పనిచేయడమే అందులో కిటుకు. పనిచీమ గట్టి పదార్థాన్ని మింగలేదు, ద్రవాన్నే తాగగలదు. గట్టి మేతను మోసుకెళ్లి పెద్ద పిల్లపురుగుల ముందు పెడుతుంది, అవి అరిగించి తిరిగి ఇచ్చిన రసం అందరికీ, చివరికి రాణికీ చేరుతుంది. మందు తక్షణం చంపితే మోసుకెళ్లే చీమ దారిలోనే పోతుంది, రాణి దాకా ఏదీ వెళ్లదు. బొంబాయి రవ్వ తిని చీమలు పొట్ట పగిలి చస్తాయని ఫోన్లలో తిరిగే వీడియో అబద్ధమని కూడా దీన్ని బట్టే తెలుస్తుంది. మింగలేనిదానికి పొట్ట ఎలా పగులుతుంది?

ఆ నూకల మందు మన దుకాణాల్లో మామూలుగా దొరకదు. అబ్బాయిని సూట్‌కేసులో పెట్టుకు రమ్మనకండి. ఇక్కడ రిజిస్టర్ కాని పురుగుమందును తేవడానికి 1968 నాటి చట్టం ఒప్పుకోదు.

మీరే చేసుకోగల ఎర ఒకటుంది. లీటరు నీళ్లలో 100 గ్రాముల చక్కెర, 10 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించండి. బోరిక్ యాసిడ్ పొడిని మందుల షాపులో అడిగి, ప్యాకెట్ మీద పేరు చూసి కొనండి. పది గ్రాములు మించకూడదు. ఘాటు పెరిగితే చీమలు తాగవు, తాగినవి పుట్టకు చేరకుండానే చస్తాయి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది పెట్టి ఈ నీళ్లతో తడిపి, మూత బిగించి, పక్కన చీమ పట్టేంత సన్న బెజ్జాలు చేసి చీమల బారు పక్కన ఉంచండి. బెజ్జం పెద్దదైతే పూత మీద తేనెటీగలు దూరతాయి. రెండు మూడు రోజులకోసారి కొత్త నీళ్లు పోయాలి. మిగిలింది పాదులో పారబోయకండి, అందులోని బోరాన్ ఎక్కువైతే నిమ్మ ఆకు అంచులు మాడతాయి. పిల్లలకూ కోళ్లకూ అందకుండా చూసుకోండి. ఫలితానికి వారాలు పడుతుంది. ఈ మధ్యలో అదే పుట్ట మీద పొడి చల్లారా, చేసిందంతా వృథా.

ముంగిట ఉన్న పుట్టకు వేడి నీళ్లు మేలు. పొద్దున ఎండ తగిలి పుట్ట కాస్త వెచ్చబడ్డాక రాణి, గుడ్లు పైకి వస్తాయి. అప్పుడు మరిగే నీళ్లు పది పన్నెండు లీటర్లు నిదానంగా పోయండి. ఒక్కసారికే పది పుట్టల్లో ఆరు పోతాయి, మిగిలినవాటికి మళ్లీ పోయాలి. చెట్టు పాదులో మాత్రం వద్దు, వేళ్లు ఉడికిపోతాయి. పెట్రోలు, కిరోసిన్ ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

ఇక తోట. నిమ్మలో చీమల బారు కాండం మీదుగా పైకి పోతోందంటే పైన పిండినల్లి గానీ పొలుసు పురుగు గానీ ఉందని అర్థం. అవి కార్చే తేనెలాంటి జిగురు కోసం చీమలు వెళ్తాయి, వాటిని తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. ఆ జిగురు మీదే ఆకులకు నల్లటి మసి పడుతుంది. నేలకు తగిలే కొమ్మలు మూరెడు ఎత్తు వరకు కత్తిరించండి. కాండానికి తగిలే గడ్డి తీసేయండి, ఒక్క గడ్డిపోచ చాలు వాటికి వంతెనగా. కాండానికి జానెడు వెడల్పు పాలిథీన్ చుట్టి, దాని మీద జిగురు గానీ గ్రీజు గానీ పూయండి. బెరడుకు నేరుగా గ్రీజు పూస్తే లేత చెట్లు దెబ్బతింటాయి. నెలకోసారి పట్టీ విప్పి చూడాలి, లేకపోతే దాని కిందే చీమలు కాపురం పెడతాయి. పిండినల్లి పట్టిన కొమ్మల మీద లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి పిచికారీ చేయండి. లేత మొక్కల మొదళ్లు కూడా చూడండి, ఈ చీమలు బెరడును చుట్టూ కొరికేస్తాయి.

దుకాణంలో చీమలకని అడిగితే ముందు క్లోరిపైరిఫాస్ సీసా తీసి ఇస్తారు. నిమ్మజాతి తోటలకూ పొగాకుకూ దాని వాడకాన్ని కేంద్రం 2023లో తొలగించింది, కాబట్టి తీసుకోవద్దు. మీకే కాదు, ఒంగోలు వైపు పొగాకు నారుమళ్లలో విత్తనాన్ని చీమలు ఎత్తుకుపోతున్నాయని అడిగే రైతులకూ నేను చెప్పేది ఇదే.

పైపులకు బెజ్జాలు చీమల పని కావచ్చు. ఈ జాతి పలచని డ్రిప్పు పైపుల్ని కొరుకుతుంది, డ్రిప్పర్ రంధ్రాల్ని పెద్దవి చేస్తుంది. ఉడుత, ఎలుక కొరికితే జంట పళ్ల గాట్లు స్పష్టంగా కనబడతాయి. చీమలదైతే రంధ్రం చుట్టూ అరగదీసినట్టు ఉంటుంది. ఒక లైను విప్పి చూస్తే మీకే తెలిసిపోతుంది. పైపు మార్చాల్సి వస్తే మందం ఎక్కువ ఉన్నది కొనండి, మట్టిలో పూడ్చకుండా పైనే పరచండి.

పొదిగే గంపను నేల మీద పెట్టకండి. స్టూలు మీద పెట్టి, నాలుగు కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు ఉంచండి, స్టూలు గోడకు తగలకూడదు. పిల్ల గుడ్డు పగలగొట్టే రోజే అసలు ప్రమాదం, ఆ తడి వాసనకే చీమలు వస్తాయి. ఈనిన దూడకూ అంతే. బొడ్డుకు అయోడిన్ రాసి పుట్టలు లేని చోట కట్టేయండి.

మనుషుల్ని కుడితే సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేయండి. చీము పొక్కు లేస్తే చిదమవద్దు. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

శాశ్వతంగా అంటే మాత్రం కుదరదు. వానలు పడ్డాక పక్క తోటల నుంచి రెక్కల రాణులు ఎగిరొచ్చి కొత్త పుట్టలు పెడతాయి. అందుకే మన జిల్లాలో ఈశాన్య రుతుపవనాలకు ముందు, సెప్టెంబరులో ఒకసారి, వానలు తగ్గాక జనవరి, ఫిబ్రవరిలో మరోసారి ఎరలు పెట్టండి. ఎక్కడ పెట్టాలో తెలియడానికి వేరుశనగ నూనె రాసిన బిస్కెట్ ముక్కలు చల్లపూట అక్కడక్కడ వేసి అరగంట తర్వాత చూడండి, చీమలు మూగిన చోట డబ్బా ఉంచండి. వరి గట్ల మీద పుట్టల్ని మాత్రం, అక్కడ ఎవరూ కూర్చోరు కాబట్టి, వదిలేయండి. అవి వరిని పట్టే దోమనూ పురుగుల గుడ్లనూ తింటాయి. ఇంకా సందేహం ఉంటే నాలుగు చీమల్ని సీసాలో వేసుకుని నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రానికి రండి, ప్రకాశం వాళ్లయితే దర్శి కేంద్రానికి వెళ్లవచ్చు.