గేమ్ బాయ్ విప్పబోయే ముందు: పెదనాన్న ఉత్తరం

చిట్టితల్లీ,

మీ బావ అమెరికా నుంచి తెచ్చిన పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ (నింటెండో కంపెనీ చేసిన, చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) నీ చేతికొచ్చిందని, దానికి కొత్త ఐపీఎస్ స్క్రీన్, అంటే వెనక లైటుండే కొత్తరకం ఎల్‌సీడీ స్క్రీన్ వేద్దామనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఈ పని మీద మన ఇంట్లో ఇంకొకరికి ఇష్టం కలిగినందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. స్క్రీన్ కిట్ ఆర్డర్ చేసేముందు మాత్రం ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

ముందుగా అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్తాను. 2001లో వచ్చిన మెషీన్ అది, తయారీ ఎప్పుడో ఆగిపోయింది. నువ్వు చేసే ఏ మార్పైనా రేపు వద్దనుకుంటే తీసేసి మళ్లీ మొదటిలా చేసుకోగలిగేలా ఉండాలి. పాత స్క్రీన్, పాత షెల్ (పైనుండే ప్లాస్టిక్ డొక్క), ముందున్న అద్దం, ఆఖరికి స్క్రూలు కూడా జిప్ కవర్లో వేసి పైన రాసి దాచిపెట్టు. ప్లాస్టిక్ కోయాల్సి వస్తే విడిగా అమ్మే కొత్త షెల్ కొని దాన్ని కొయ్యి. మెషీన్‌తో వచ్చిన అసలు షెల్‌కి కట్టర్ తగలనివ్వకు. వస్తువు నాది, నా ఇష్టం అనేవాళ్లు ఈ హాబీలో చాలామంది ఉన్నారు. వాళ్ల హక్కు వాళ్లది. కానీ కోసేసిన ప్లాస్టిక్ తిరిగి రాదు, పాతికేళ్ల వస్తువు విషయంలో నాకు అదే పెద్ద లెక్క.

స్క్రీన్ మార్చాలనే నీ ఆలోచనలో తప్పేమీ లేదు. దాని స్క్రీన్ అడ్డంగా 240, నిలువుగా 160 చుక్కలు. బొమ్మ బాగానే ఉంటుంది కానీ లోపల లైటే లేదు. ఎండలోనో, నెత్తి మీద ట్యూబ్‌లైటు కిందో కూర్చుంటే తప్ప సరిగ్గా కనపడదు. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ మోడల్లో ముందువైపు లైటు పెట్టారు, ఆ తర్వాత వెనక లైటున్నది వచ్చింది. కంపెనీ చాలా మోడళ్లలో లైటు పెట్టకపోవడానికి పెద్ద కారణం బ్యాటరీ. 1989లో వచ్చిన మొదటి గేమ్ బాయ్ రూపొందించిన నింటెండో ఇంజనీర్ గున్‌పే యొకోయి కావాలనే రంగులు, లైటు లేని స్క్రీన్ ఎంచుకున్నాడు. అందుకే నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పదిహేను గంటలకు పైగా ఆడేది. తర్వాతి ఏడాది సెగా కంపెనీ రంగుల స్క్రీన్, వెనక లైటుతో గేమ్ గేర్ అనే పోటీ మెషీన్ తెచ్చింది. ఆరు సెల్స్ వేసినా నాలుగైదు గంటలకి మించి వచ్చేది కాదు. లైటు పెడితే కరెంటు ఎక్కువ లాగుతుంది. నీకు ఎదురయ్యే సమస్యల్లో సగం ఇక్కడ పుట్టేవే.

అందుకని కిట్ జోలికి పోకముందు మెషీన్‌ని శుభ్రం చెయ్యి. వెనక వై ఆకారపు స్క్రూలుంటాయి, బ్యాటరీ అరలో మామూలు స్టార్ స్క్రూ ఒకటి ఉంటుంది. వై స్క్రూడ్రైవర్ చౌకది కొనకు. మెత్తటి ఇనుముతో చేసినది అయితే రెండో స్క్రూకే దాని మొన అరిగి, స్క్రూ తలని కూడా తినేస్తుంది. తిప్పే బలం కన్నా కిందికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి. మూత తీసేటప్పుడు ఎల్, ఆర్ మీటల దగ్గర జాగ్రత్త. వాటిలో సన్నటి ఇనప పుల్ల, చిన్న స్ప్రింగ్ ఉంటాయి, ఎగిరిపోతే మళ్లీ దొరకవు. కింద లేతరంగు దుప్పటి పరుచుకుని, ప్రతి మెట్టుకీ ఫోన్లో ఫోటో తీసుకో.

బిగించేటప్పుడు ఇంకో సంగతి. ఆ స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోనే మర వేసుకుంటాయి. స్క్రూ పెట్టగానే బిగించకు. మొదట వెనక్కి, అంటే విప్పే వైపు మెల్లగా తిప్పు. ఒకచోట టిక్కుమని చిన్నగా కిందికి దిగుతుంది. అదే పాత మర మొదలయ్యే చోటు. అక్కణ్నుంచి ముందుకి తిప్పితే పాత దారిలోనే వెళ్తుంది. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి, నాలుగైదుసార్లు విప్పేసరికి ఆ రంధ్రం స్క్రూని పట్టడం మానేస్తుంది.

బ్యాటరీ రేకుల మీద తెల్లగానో పచ్చగానో పొక్కులు కనిపిస్తే సెల్స్ కారాయన్నమాట. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం కాబట్టి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడువు, నురగ ఆగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడువు. ఆల్కహాల్ 99 శాతం ఉన్నదే కొను. మెడికల్ షాపులో ఇచ్చేదానిలో సాధారణంగా నీళ్లు కలిసి ఉంటాయి. బటన్ల కింద ఉండే రబ్బరు పొరలని గీకకు. వాటి వెనక నల్ల చుక్కలు కార్బన్, గట్టిగా రుద్దితే ఊడొస్తాయి.

ఇక పవర్ స్విచ్. ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకో. కొత్త స్క్రీన్ వేశాక గేమ్ మధ్యలో ఆరిపోతోంది, మళ్లీ మొదలవుతోంది, తెల్లతెర వస్తోంది అని చాలామంది కిట్‌ని తిట్టుకుంటారు. నా బల్ల మీదకి వచ్చిన వాటిలో ఎక్కువసార్లు తప్పు స్విచ్‌ది. ఇన్నేళ్లు వాడకపోతే లోపలి రేకుల మీద నల్లటి పొర పేరుకుంటుంది. పాత స్క్రీన్ లాక్కునే కొద్దిపాటి కరెంటుకి ఆ పొర అడ్డం కాదు. కొత్త లైటు వచ్చాక లెక్క మారుతుంది. ఉదాహరణకి స్విచ్‌లో ఒక ఓమ్ నిరోధం ఉండి, మెషీన్ 300 మిల్లీ ఆంపియర్లు లాగితే 0.3 వోల్టు అక్కడే పోతుంది. రెండు రీఛార్జబుల్ సెల్స్ కలిపి ఇచ్చేదే 2.4 వోల్టులు. అందులో అంత పోతే బోర్డు తట్టుకోలేదు.

నీ దగ్గర మల్టీమీటర్ ఉంది కదా. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, గేమ్ నడుస్తుండగా నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి ఆనించు. ఎర్ర వైరు మొదట బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత స్విచ్ నుంచి బయటికెళ్లే కాలుకి ఆనించి చూడు. తేడా పదో ఇరవయ్యో మిల్లీవోల్టులైతే ఫరవాలేదు. 0.1 వోల్టు దాటిందంటే స్విచ్ చూడాల్సిందే. సెల్స్ తీసేసి, స్విచ్ సందులో రెండు చుక్కలు ఆల్కహాల్ వేసి పాతిక ముప్పై సార్లు అటూ ఇటూ జరుపు. పూర్తిగా ఆరాక మళ్లీ కొలువు. అయినా తగ్గకపోతే స్విచ్ రేకు డబ్బా చెవులు మెల్లగా లేపి, లోపలి రేకులు మెరిసేదాకా తుడవాలి. ఆ పని మొదటిసారి నేను పక్కనుండగా చేద్దువుగాని.

సెల్స్ సంగతీ అంతే. కిరాణా కొట్లో గోడ గడియారాలకని ఇచ్చే చౌకరకం జింక్ కార్బన్ సెల్స్ దీనికి పనికిరావు, కాసేపటికే వోల్టేజీ పడిపోతుంది. ఆల్కలైన్ వెయ్యి, లేకపోతే మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్స్ వెయ్యి. రీఛార్జబుల్స్‌తో, బ్యాటరీ తగ్గిందని చెప్పే ఎర్రలైటు ముందే వెలుగుతుంది, టెన్షన్ పడకు.

స్క్రీన్ మార్చడానికి సోల్డరింగ్ (లోహపు తీగ కరిగించి వైర్లు అతకడం) తప్పనిసరి కాదు, రిబ్బన్, అంటే స్క్రీన్‌ని బోర్డుకి కలిపే పల్చటి కేబుల్, గుచ్చితే చాలు. వెలుగు తగ్గించడం, పెంచడం బటన్లతోనే జరగాలంటే మాత్రం బోర్డు మీద సెలెక్ట్, ఎల్, ఆర్ బటన్ల లోహపు చుక్కలకి (వీటినే ప్యాడ్‌లంటారు) మూడు సన్నటి వైర్లు అతకాలి. ఆ వైర్లు ఇప్పుడే పెట్టకు. ముందు చెయ్యి కుదరాలి. మన ఊళ్లలో 90ల్లో గేమ్ బాయ్ అంటే ఎవరో విదేశాల నుంచి తెస్తే చూడటమే. మనకి దొరికిందల్లా ఎగ్జిబిషన్లలో అమ్మే బ్రిక్ గేమ్. అది ఇప్పటికీ చౌకగా వస్తుంది. ఒకటి కొని స్పీకర్ వైర్లు ఊడదీసి మళ్లీ అతుకు. రిపేరు షాపులో పాడైన సెట్‌టాప్ బాక్స్ బోర్డు అడిగి తెచ్చుకుని దానిమీద రోజూ కాసేపు చెయ్యి.

అతకడానికి లెడ్, అంటే సోల్డర్ తీగ, 63/37 రకం (63 వంతులు తగరం, 37 వంతులు సీసం) తీసుకో, 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడి సర్దుకునే సోల్డరింగ్ ఐరన్ అయితే 330, 350 మధ్య పెట్టుకో. ఐరన్ మొనని ప్యాడ్‌కీ వైరుకీ రెండింటికీ కలిపి ఆనించు. ఒక క్షణం ఆగి లెడ్‌ని అతుకు దగ్గర పెట్టు, మొన మీద కాదు. కరిగి పాకగానే ముందు లెడ్ తియ్యి, తర్వాత ఐరన్ తియ్యి. నోటితో ఊదకు, వైరు కదిలించకు. అతుకు మెరుస్తూ, అంచులు ప్యాడ్ మీదికి వాలుగా పాకి ఉండాలి. ముద్దలా నిలబడితే వేడి సరిపోలేదు. మూడు సెకన్లలో పట్టకపోతే తీసేసి, చల్లారనిచ్చి, రోజిన్ ఫ్లక్స్ (లెడ్ బాగా పాకేలా చేసే జిగురు పదార్థం) రాసి మళ్లీ చెయ్యి. పట్టుపట్టి కాలిస్తే ప్యాడే బోర్డు నుంచి లేచిపోతుంది. యాసిడ్ ఉండే పేస్ట్ మాత్రం వద్దు, అది బోర్డుని తినేస్తుంది. లేచే పొగ రోజిన్‌ది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫ్యాన్ గాలి పొగని నీ మొహం నుంచి పక్కకి లాగేలా కూర్చో. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని గానీ ఏమీ తినకు.

కిట్ కొనేముందు మెషీన్ విప్పి స్క్రీన్ రిబ్బన్ చూడు. ఈ మోడల్లో కొన్నిటికి 32 పిన్నుల కనెక్టర్, కొన్నిటికి 40 పిన్నులది ఉంటుంది. రెంటికీ సరిపోయే రిబ్బన్లు ఇచ్చే కిట్లున్నాయి, ఒక్కదానికే ఇచ్చేవీ ఉన్నాయి. షెల్ కూడా ఐపీఎస్ కోసం ముందే కోసి అమ్మేది తీసుకుంటే నీకు కోత పని తప్పుతుంది. బయట దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకో. ఐరన్, విక్ (ఎక్కువైన లెడ్‌ని పీల్చే రాగి జడ), ఫ్లక్స్ లాంటివి నాకు చెప్పు, కోఠి గుజరాతీ గల్లీలో కొని పంపిస్తాను.

మీ బావ గేమ్ బాయ్‌తోపాటు పాత నల్ల క్యాట్రిడ్జ్‌లు (మెషీన్‌లో గుచ్చే గేమ్ డబ్బాలు) కూడా ఇచ్చాడట. వాటిలో గేమ్ సేవ్ అయ్యేది లోపలున్న చిన్న బటన్ సెల్ బలం మీద. సెల్ తీసిన మరుక్షణం వాడు చిన్నప్పుడు ఆడి దాచుకున్నదంతా పోతుంది. కార్ట్ రీడర్‌తో, అంటే క్యాట్రిడ్జ్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరంతో, సేవ్‌ని కంప్యూటర్లోకి తీసుకున్నాకే సెల్ మార్చాలి. అంతవరకు తెరవకు. మార్చేటప్పుడు కూడా రేకులు అతికించి అమ్మే సెల్ కొను. బటన్ సెల్ మీద నేరుగా ఐరన్ పెడితే పేలే ప్రమాదముంది.

లిథియం బ్యాటరీ, టైప్ సీ ఛార్జింగ్ పెట్టుకోవాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. ఈ ఏడాది వద్దు. రక్షణ సర్క్యూట్ లేని సెల్ షార్టయినా, షెల్ బిగించేటప్పుడు నలిగినా మంట లేవొచ్చు. రాత్రి దిండు పక్కన పెట్టుకుని పడుకునే వస్తువు అది.

విప్పాక రిబ్బన్ కనెక్టర్‌ని దగ్గర్నుంచి ఫోటో తీసి పంపు. 32 పిన్నులా, 40 పిన్నులా చూసి ఏ కిట్ కొనాలో చెప్తాను. స్విచ్ దగ్గర కొలిచిన వోల్టేజీలు రెండూ రాసి పంపడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న