ఏటీపీ ‘సఫలం’ అని తెర మీద కనబడినప్పుడు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో గుండె ఆసుపత్రిలో చేరావని, ఐసీడీ (ప్రమాదకరమైన దడను పట్టి, షాక్ ఇచ్చి ఆపే, ఒంట్లో అమర్చే పరికరం) ఉన్నవారిని పరీక్షించే డివైస్ క్లినిక్‌లో నిన్ను కూర్చోబెట్టారని మీ అమ్మ చెప్పింది. ఇరవై ఆరేళ్ళు నేను ఇక్కడ చెన్నైలో ఆ పనే చేశాను. ఫోనులో చెబితే సగం జారిపోతుంది కనుక రాస్తున్నాను. ముఖ్యంగా ఏటీపీ గురించి, అంటే షాక్ అవసరం లేకుండా, వేగంగా పేసింగ్ (గుండెను కొట్టించే చిన్న విద్యుత్ దెబ్బలు) ఇచ్చి ప్రమాదకరమైన దడను ఆపే చికిత్స గురించి రాయాలనుకున్నాను. షాక్ తగిలిన పేషెంట్ తానే పరుగెత్తుకుని వస్తాడు. ఏటీపీ జరిగినవాడికి చాలాసార్లు జరిగిన సంగతే తెలియదు. అది చూసి చెప్పవలసినది నువ్వే.

మొదట అది ఎలా పనిచేస్తుందో మనసుకు పట్టించుకో. హార్ట్ ఎటాక్ వచ్చి మానిన గుండెలో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ చుట్టూ విద్యుత్ తరంగం గానుగెద్దులా తిరగడం మొదలుపెడితే అదే వీటీ, గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన దడ. ఎద్దు ఇప్పుడే తొక్కి వెళ్ళిన చోట కండరం ఇంకా తేరుకోదు, ఎద్దుకు కాస్త ముందున్న చోటు మాత్రం అప్పటికే తేరుకుని ఉంటుంది. ఆ తేరుకున్న ఖాళీలోకి మనం పంపిన పేసింగ్ తరంగం సకాలంలో చేరితే, ఒక వైపు వెళ్ళినది ఎద్దుకు ఎదురుపడి ఢీకొంటుంది, రెండో వైపు వెళ్ళినది తేరుకోని కండరం తగిలి అక్కడే ఆగిపోతుంది. దాంతో తిరుగుడు ఆగుతుంది. వీఎఫ్‌లో, అంటే కింది గదులు కొట్టుకోకుండా ఊరికే అదిరే లయలో, ఇలాంటి ఒక్క దారి ఉండదు, గుండె అంతా చెదిరిపోయి ఉంటుంది, కనుక అక్కడ షాక్ తప్ప మార్గం లేదు. 1980లో బాల్టిమోర్‌లో మిరోవ్‌స్కీ బృందం తొలిసారి మనిషికి అమర్చిన పరికరానికి షాక్ ఇవ్వడం మాత్రమే తెలుసు. పేసింగుతో ఆపే పద్ధతి ఐసీడీలలోకి తరువాత వచ్చింది. పేషెంట్లకు అంతకంటే పెద్ద ఊరట మరొకటి రాలేదని నా నమ్మకం.

లెక్క చేతివేళ్ళ మీద ఉండాలి. దడ 320 మిల్లీసెకన్ల వ్యవధితో, అంటే నిమిషానికి దాదాపు 187 వేగంతో నడుస్తోందనుకో. అందులో 88 శాతం అంటే సుమారు 280. ఆ వ్యవధిలో ఎనిమిది పేసింగ్ దెబ్బలు ఇస్తే ఒక బర్స్ట్, రెండుంపావు సెకన్లలో అయిపోతుంది. ఒకే బర్స్ట్‌లో దెబ్బ దెబ్బకూ వ్యవధి తగ్గుతూ పోతే ర్యాంప్. 2004లో వెలువడిన పెయిన్‌ఫ్రీ రెండో అధ్యయనం నిమిషానికి 188 నుంచి 250 వరకు ఉన్న వేగవంతమైన వీటీలను కూడా ఇలాంటి ఒక్క బర్స్ట్ నూటికి 72 పాళ్ళు ఆపగలదని చూపించింది. అంతవరకు అంత వేగానికి షాకే దిక్కని మేమంతా అనుకునేవాళ్ళం. 2015లో అంతర్జాతీయ హృదయ లయ సంఘాలు కలిసి ఇచ్చిన సూచనలు కూడా 230 వేగం వరకు కనీసం ఒక ఏటీపీ ప్రయత్నం ఉంచమని, ఎనిమిది దెబ్బలకు తక్కువ కాకుండా 84 నుంచి 88 శాతం వ్యవధిలో ఇవ్వమని, ర్యాంప్ కంటే బర్స్ట్‌నే ఎంచుకోమని చెప్పాయి. ఈ అంకెలను నిర్ణయించేది డాక్టరుగారే. అయితే ప్రోగ్రామర్ (ఐసీడీని చదివి, దాని అంకెలు మార్చే యంత్రం) ముందు కూర్చున్న మనిషికి ఆ అంకెల వెనుక కారణం తెలియకపోతే తప్పు కనబడినా నోరు తెరవలేడు.

ఇక ఈ ఉత్తరం రాయించిన సంగతి చెబుతాను. పరికరం తాను నమోదు చేసిన ఒక దడ ఘటన, అంటే ఎపిసోడ్, పక్కన ‘ఏటీపీ సఫలం’ అని రాస్తే, బర్స్ట్ వల్లనే దడ ఆగిందని దానికి తెలిసి రాసినట్టు కాదు. బర్స్ట్ తరువాత కొన్ని వరుస స్పందనలు మనం పెట్టిన హద్దు కంటే నెమ్మదిగా కనబడితే చాలు, సఫలమని లెక్క వేసుకుంటుంది. నెల్లూరు జిల్లా నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేవారు. గుండెలోకి వెళ్ళే తీగ, అంటే లీడు, ఒకటే ఉన్న ఐసీడీ; వీటీ జోన్, అంటే పరికరం వీటీగా లెక్కించే వేగం, నిమిషానికి 150 నుంచి మొదలు. ఒకసారి మూడు బర్స్ట్‌లు, సఫలం అని తెర మీద కనబడింది. నేను ఎపిసోడ్ తెరవలేదు. బాగానే పనిచేసిందని చెప్పి, సారాంశం ప్రింటు తీసి ఫైలులో పెట్టి పంపించేశాను. మరుసటి నెలలో ఆయన గూడూరు స్టేషనులో రైలు అందుకోవాలని వంతెన మెట్లు ఎక్కుతుండగా బర్స్ట్‌లన్నీ అయిపోయి షాక్ కొట్టింది, సంచీతో సహా మెట్ల మీద కూలబడ్డారు. ఆ తరువాత పాత ఎపిసోడ్ స్ట్రిప్, అంటే గుండె గీతల నమోదు, తీసి చూశాను. స్పందనల మధ్య వ్యవధి మిల్లీసెకన్లలో 440, 430, 420, 410, 390. అలా వ్యవధి తగ్గుతూ, వేగం మెల్లగా ఎక్కిన లయ అది, ఆయాసానికి కొట్టుకున్న మామూలు గుండె. మొదటిసారి బర్స్ట్‌లు దేన్నీ ఆపలేదు. ఆయన బెంచీ మీద కూర్చున్నారు, వేగం దానంతటదే హద్దు కిందికి దిగింది, అంతే. ఒక్క నిమిషం వెచ్చించి ఆ స్ట్రిప్ చదివి ఉంటే డాక్టరుగారు జోన్ హద్దు పెంచేవారు. ఆయనకు ఆ షాక్ తగిలేది కాదు. ఆ తప్పు నాది.

అందుకని ప్రతి ఎపిసోడ్‌నూ తెరువు. మొదలు ఎలా జరిగిందో చూడు: వీటీ తలుపు తోసుకుని వచ్చినట్టు ఒక్క స్పందనలో దూకుతుంది, సైనస్ దడ, అంటే మామూలు గుండె లయే వేగం అందుకోవడం, మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. వ్యవధులు అడ్డదిడ్డంగా ఉంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల అదురు) కావచ్చు. తరంగం ఆకారం మామూలు లయలోని ఆకారంతో సరిపోతుందా అని పోల్చు. పై గదిలో కూడా లీడుంటే ఇంకా మేలు, కింది గది పై గది కంటే వేగంగా కొట్టుకుంటుంటే దాదాపుగా వీటీయే. ఆ తరువాత బర్స్ట్ దగ్గరికి రా. ప్రతి పేసింగ్ దెబ్బకూ గుండె స్పందించిందా? స్పందించకపోతే ఆ బర్స్ట్ ఇచ్చినా ఇవ్వనట్టే. స్పందించి, చివరి దెబ్బ తరువాత దడ వెంటనే తెగి మామూలు లయ వచ్చిందా, లేక అదే వేగంతో ఇంకా చాలాసేపు నడిచి ఆగిందా? చాలాసేపు నడిచి ఆగితే అది దానంతటదే తగ్గిన దడ కావచ్చు. బర్స్ట్ తరువాత వేగం పెరిగిందా? పెరిగితే తరువాత షాక్‌తో ఆగినా సరే, ఆ రోజే డాక్టరుగారికి చూపించు.

దానంతటదే తగ్గే దడలు మనం అనుకునేదానికంటే ఎక్కువ. 2013లో వచ్చిన అడ్వాన్స్ మూడో అధ్యయనంలో 24 స్పందనల్లో 18 వేగంగా ఉంటే చాలనకుండా, 40లో 30 వేగంగా ఉన్నాయని చూసేదాకా పరికరాన్ని ఆగనిస్తే చికిత్సలు 37 శాతం తగ్గాయి. అంతకు ముందటి ఏడాది మాడిట్ రిట్ అధ్యయనంలో హద్దును 200కు పెంచినవారిలోను, ఎక్కువసేపు వేచి చూసినవారిలోను అనవసర చికిత్సలతో పాటు మరణాలు కూడా తగ్గాయి. నొప్పి లేదు కదా అని ఏటీపీని తొందరగా ఇవ్వడం మంచితనం కాదని అప్పటి నుంచి నాకు గట్టిగా నాటుకుంది.

నీ దగ్గరికి అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు రైతులు వస్తారు. ఎపిసోడ్ తేదీ, సమయం చదివి, అప్పుడు ఏం చేస్తున్నారో తెలుగులోనే అడుగు. కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే ‘ఏం లేదు’ అంటారు. తెలుగులో అడిగితే ‘బోరు మోటారు ఆన్ చేయడానికి పోయినానమ్మా’ అంటారు. ఎర్తింగ్ సరిగా లేని మోటారును తడి చేతులతో తాకితే లోపలికి వచ్చే కరెంటును పరికరం గుండె దడగా పొరబడుతుంది. స్ట్రిప్ మీద అది సన్నని ముళ్ళ వరుసలా, గుండె కొట్టుకోలేనంత దగ్గర దగ్గరగా కనబడుతుంది. అలాంటి గీతలే ఏ మోటారూ లేని వేళ కనబడితే లీడు విరిగిందేమో చూడాలి, అది ఇంటికి పంపే సంగతి కాదు. కొత్తగా అమియోడరోన్ మొదలుపెట్టారా అని కూడా మరవకుండా అడుగు. ఆ మందు వీటీని పూర్తిగా ఆపకపోయినా నెమ్మదింపజేస్తుంది. జోన్ హద్దు 170 దగ్గర ఉండి దడ 155కు దిగితే పరికరం చూస్తూ ఊరుకుంటుంది, మనిషి గంటల తరబడి ఆయాసపడుతూ ఉంటాడు.

చర్మం కింద మాత్రమే లీడు ఉండే ఐసీడీ పెట్టించుకున్నవారు ‘మాకు ఆ నొప్పి లేని చికిత్స పెట్టండి’ అని అడుగుతారు. గుండె లోపల లీడు లేదు కనుక దానికి ఆ శక్తి లేదని ఓపికగా చెప్పు. ఏటీపీ నిజంగానే పదేపదే దడను ఆపుతున్నవారికి మాత్రం అంతా బాగుందని చెప్పి పంపకు. షాక్ రాలేదు సరే, దడ ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తోందో డాక్టరుగారు చూడాలి. పొటాషియం తగ్గి ఉండవచ్చు, మందులు మానేసి ఉండవచ్చు, అబ్లేషన్ (దడ తిరిగే చోటును కాల్చి ఆపే చికిత్స) ఆలోచించవలసిన సమయం వచ్చి ఉండవచ్చు.

ఇంకొక అలవాటు చేసుకో. వేరే ఆపరేషన్ కోసం థెరపీలు ఆఫ్ చేసిన పేషెంట్ వస్తే, ప్రోగ్రామర్ మూసేముందు అవి తిరిగి ఆన్ అయ్యాయని తెర మీద నీ కళ్ళతో చూసి, ఆ పేజీ ప్రింటు తీసి ఫైలులో పెట్టు. ఎవరైనా ఆన్ చేసే ఉంటారులే అనుకోకు.

దసరాకు బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తానన్నావట. నీకు అర్థం కాని ఎపిసోడ్లు రెండు మూడు, డాక్టరుగారి అనుమతితో, పేర్లు, నంబర్లు కనబడకుండా చేసి తీసుకురా. వ్యవధులు కొలవడానికి నా పాత కాలిపర్ ఇంకా బల్ల సొరుగులోనే ఉంది.

ఆశీస్సులతో,
మామయ్య