పాఠకుల ప్రశ్నలు: బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

ప్రశ్న: నాది 2018లో కొన్న 110 సీసీ స్కూటర్. బైరాగిపట్టెడలోని మా ఇంటికీ నేను పనిచేసే పాఠశాలకూ మధ్య దూరం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఏడు నెలల కిందట బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కొత్తది వేయించాను. ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. రోజూ నడిపినంత కాలం సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గాని, వరుసగా రెండు రోజులు సెలవు వచ్చి బండి కదపకపోతే మూడో రోజు ఉదయం టకటకమనే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. దగ్గరి దూరాలే తిరగడం వల్ల చార్జింగ్ అందడం లేదనీ, బ్యాటరీ మళ్లీ మార్చాలనీ మెకానిక్ అంటున్నారు. నిరుడు బండికి మొబైల్ చార్జర్ సాకెట్, దొంగతనం అలారం బిగించుకున్నాను. నన్నేం చేయమంటారు? (ఒక ఉపాధ్యాయురాలు, తిరుపతి)

జవాబు: మీ ఉత్తరంలోనే అసలు ఆధారం ఉంది. రోజూ నడిపితే తిరిగే సెల్ఫ్, రెండు రోజులు నిలబెట్టగానే మొరాయిస్తోందంటే, బండి నడిచేటప్పుడు చార్జింగ్ కొంతైనా అందుతోందనీ, నిలబడి ఉన్నప్పుడు కరెంటు ఎటో కారిపోతోందనీ అనుమానించాలి. ఇప్పుడు మళ్లీ బ్యాటరీ మారిస్తే కుండ అడుగున చిల్లి ఉంచుకొని పై నుంచి నీళ్లు పోసినట్టే అవుతుంది. దయచేసి డబ్బు ఖర్చు పెట్టే ముందు మూడు కొలతలు తీయించండి. ఇంట్లో వైరింగ్ పనులు చేసే ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఇందుకు సరిపోతుంది.

మొదటి కొలత బ్యాటరీది. బండి ఆపిన మూడు నాలుగు గంటల తరువాత, మీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య చూడాలి. 12.6 నుంచి 12.8 వోల్టుల మధ్య ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే దాదాపు దిగిపోయినట్టే. ఆ వెంటనే సెల్ఫ్ నొక్కి పట్టి మీటరు చూడమనండి. ఆ క్షణంలో వోల్టేజి కొంత పడిపోవడం సహజమే గాని, 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ నొక్కగానే 9 వోల్టుల కిందికి జారిపోతే లోపల ఏదో సెల్ దెబ్బతిన్నదని అర్థం. అప్పుడు మాత్రమే మెకానిక్ మాట నిజమవుతుంది.

రెండో కొలత చార్జింగ్‌ది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి (యాక్సిలరేటర్ పెంచితే వెనుక చక్రం తిరుగుతుంది కాబట్టి చీర కొంగు, చున్నీ, పిల్లల చేతులు దూరంగా ఉండాలి), ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే వోల్టేజి చూస్తూ మెల్లగా యాక్సిలరేటర్ పెంచాలి. 13.5 దాటి 14.5 వరకు వెళ్లి అక్కడ నిలిస్తే చార్జింగ్ సక్రమంగా ఉన్నట్టు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజిన్ నడుస్తున్నంత సేపూ హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు గనుక, మీ బండిలో హెడ్‌లైట్ వాడకం ఈ లెక్కలో ఎలాగూ కలిసే ఉంటుంది.

యాక్సిలరేటర్ ఎంత పెంచినా మీటరు 12 దగ్గరే ఉండిపోతే, ముందు ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగ చూడాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకొని ఉంటే వంట సోడా కలిపిన వేడినీటిలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గట్టిగా బిగించి, పైన వేసలీన్ పూస్తే చాలు. తీసేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు ముందు పాజిటివ్ అన్న క్రమం తప్పకూడదు. ఇవన్నీ బాగున్నాయంటే, మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి, వోల్టేజి హద్దు దాటకుండా ఆపే ఆర్ఆర్ యూనిట్ వైపు వెళ్లాలి. దాని కప్లర్ విప్పి చూస్తే చాలాసార్లు ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ మాడి నల్లబడి కనిపిస్తుంది. కాయిల్ నుంచి మూడు పసుపు తీగలు వచ్చే బండి అయితే, ఏ రెండిటి మధ్య కొలిచినా ఏసీ వోల్టేజి ఒకేలా ఉండి, ఇంజిన్ వేగంతో పాటు పెరగాలి. ఇంజిన్ ఆపిన తరువాత ఆ తీగల్లో దేనికీ బండి బాడీతో కంటిన్యూటీ (కరెంటు పారే కలయిక) ఉండకూడదు. కాయిల్ బాగుండి బ్యాటరీకి మాత్రం చార్జింగ్ చేరడం లేదంటే తప్పు ఆర్ఆర్ యూనిట్‌దో, మధ్యలోని తీగలదో అవుతుంది.

మీ విషయంలో నేను ఎక్కువగా ఆశ పెట్టుకున్నది మూడో కొలత మీద. తాళం చెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకూ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్ల దగ్గర పెట్టి కలపాలి. ముందు 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి చూసి, కరెంటు కొద్దిగానే ఉందని తేలాక మిల్లీ ఆంపియర్లకు మార్చాలి. ఈ పరీక్ష జరుగుతున్నప్పుడు తాళం ఆన్ చేసినా, సెల్ఫ్ నొక్కినా మీటరులోని ఫ్యూజు పోతుంది. అదనంగా ఏమీ బిగించని బండిలో ఈ కరెంటు ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకు మించదు. మీ బండిలో 50 మిల్లీ ఆంపియర్లు కనిపించిందనుకుందాం. అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో హెచ్చిస్తే వచ్చే లెక్క), రెండు సెలవు రోజులకు 2.4. మీ స్కూటర్ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 4 లేక 5 ఆంపియర్ అవర్లు ఉంటుంది. సగం ఖాళీ అయిన బ్యాటరీ సెల్ఫ్‌ను తిప్పలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. మీటరు కలిపి ఉండగానే ముందు చార్జర్ సాకెట్ తీగ, తరువాత అలారం తీగ ఒక్కొక్కటే విప్పి చూస్తే, దేనిని విప్పినప్పుడు అంకె పడిపోతుందో అదే కారణం. సాకెట్ అయితే పరిష్కారం చాలా తేలిక: దాని తీగను నేరుగా బ్యాటరీకి కాకుండా, తాళం ఆన్ చేసినప్పుడే కరెంటు వచ్చే తీగకు చిన్న ఫ్యూజుతో కలిపించండి. అలారానికి ఆ మార్గం పనికిరాదు, తాళం తీసిన తరువాతే గదా దాని పని. ఎక్కువ కరెంటు తాగే అలారం అయితే తీసేయించడమే మేలని నా అభిప్రాయం.

దగ్గరి దూరాల వల్లే ఇదంతా అన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. సెల్ఫ్ మోటారు 40 ఆంపియర్ల చొప్పున 3 సెకన్లు లాగిందనుకుంటే, బ్యాటరీ నుంచి పోయింది 120 ఆంపియర్ సెకన్లు. 1 ఆంపియర్ చొప్పున చార్జింగ్ అందినా రెండు నిమిషాల్లో, నష్టాలు కలుపుకొన్నా నాలుగైదు నిమిషాల్లో, అది తిరిగి చేరుతుంది. చార్జింగ్ సరిగా ఉన్న బండికి రెండు కిలోమీటర్ల ప్రయాణం అంత ప్రమాదమేమీ కాదు. అయితే లీలామహల్ కూడలి లాంటి చోట్ల సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా హెడ్‌లైట్‌తో పాటు బ్రేక్ లైటు, ఇండికేటరు వెలిగించుకొని నిలబడితే కాయిల్ ఇచ్చే కరెంటు చాలక బ్యాటరీ కొంత ఇచ్చుకోవలసి వస్తుంది. వారానికి ఒకసారి తిరుచానూరు వరకైనా ఆగకుండా వెళ్లి వస్తే ఆ లోటు తీరుతుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండే చోట వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన తిరుపతిలో పాఠశాల ఆవరణలో చెట్టు నీడ వెతుక్కొని బండి నిలపడం బ్యాటరీకి చేయగలిగిన పెద్ద ఉపకారం.

మీ బ్యాటరీ కొని ఏడు నెలలే అయింది కాబట్టి వారంటీ కార్డు, బిల్లు తీసి చూసుకోండి. ఒకవేళ కొత్తదే కొనవలసి వస్తే తయారీ నెల అడిగి తీసుకోండి. అమరరాజా వారి కర్మాగారం మన కరకంబాడిలోనే ఉన్నంత మాత్రాన దుకాణపు అరలో ఉన్న ప్రతి బ్యాటరీ తాజాదని అనుకోవడానికి వీల్లేదు. ఏ కంపెనీదైనా నెలల తరబడి అలా ఉంచితే తనంతట తానే దిగిపోతుంది.

ప్రశ్న: నా స్కూటర్‌కు హెడ్‌లైట్ బల్బు మాటిమాటికీ పోతోంది. బ్యాటరీ తీసి చూస్తే పక్కలు ఉబ్బి ఉన్నాయి. బ్యాటరీ నాసిరకమా? (ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: మీది పై ప్రశ్నకు పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు. చార్జింగ్ మితిమీరి అందుతోంది. యాక్సిలరేటర్ పెంచినప్పుడు బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటుతుంటే ఆర్ఆర్ యూనిట్ చెడిపోయినట్టే. ఒక్కోసారి దాని ఎర్త్ తుప్పు పట్టి వదులైనా ఇలాగే జరుగుతుంది. ముందు ఆ లోపం సరిచేయించి, వోల్టేజి 14.5 దగ్గర నిలుస్తోందని చూసుకున్న తరువాతే కొత్త బ్యాటరీ పెట్టించండి, లేకపోతే అదీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టవద్దు, దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. అందులో నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకొనే వాయువు. పాత బ్యాటరీని సీసం ఉన్నది గనుక చెత్తలో వేయకుండా దుకాణానికే తిరిగి ఇవ్వండి, దానికి ఎంతో కొంత తగ్గిస్తారు కూడా.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకు బెంగళూరు వెళ్లడంతో బీఎస్ 6 స్కూటర్ నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉంది. కిక్ లేని బండి. తోసినా స్టార్ట్ కావడం లేదు. (ఒక తండ్రి, కుప్పం)

జవాబు: గేర్లు లేని స్కూటర్‌ను తోసి స్టార్ట్ చేయడం కుదరదు. ఇంజిన్ వేగం అందుకున్నప్పుడే క్లచ్ పట్టుకొనే ఏర్పాటు కావడంతో, తోసినప్పుడు చక్రం తిరుగుతుంది గాని ఇంజిన్ తిరగదు. పైగా పెట్రోలు పంపు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ యూనిట్) పనిచేయడానికి కూడా బ్యాటరీ కరెంటే కావాలి. బ్యాటరీని విప్పి, 4 ఆంపియర్ అవర్లదైతే 0.4 ఆంపియర్ల చొప్పున చార్జ్ చేసే చిన్న చార్జర్‌కు రాత్రంతా పెట్టించండి. కారు బ్యాటరీలకు వాడే పెద్ద చార్జర్‌కు పెట్టనివ్వవద్దు. చార్జింగ్ తీసేసిన మరునాటికి కూడా 12.5 వోల్టులు నిలిచి ఉంటే బ్యాటరీ బతికినట్టే. 12 కిందికి దిగిపోతే, దిగిన బ్యాటరీని నెలల తరబడి వదిలేయడం వల్ల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిందని అర్థం, ఇక మార్చక తప్పదు. బ్యాటరీ విప్పేసి, మరో బండి తీగలతో ఇంజిన్ నడిపించే ప్రయత్నం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు, వోల్టేజి ఒక్కసారిగా పెరిగి ఈసీయూ కాలిపోతే బ్యాటరీ ధర కంటే చాలా ఎక్కువే అవుతుంది. ఇకముందు అబ్బాయి సెలవులకు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు నెగటివ్ తీగ విప్పించి ఉంచండి, నెలకొకసారి చార్జ్ చేయించండి.