తుపాకీకి ఇంజిన్ ఆయిల్ వేయొచ్చా?

ప్రశ్న: నాకు లైసెన్స్ ఉన్న రైఫిల్ ఉంది. గన్ ఆయిల్ అయిపోయింది. ఇంట్లో కారు ఇంజిన్ ఆయిల్, కుట్టుమిషన్ నూనె, వంటనూనె ఉన్నాయి. ఏదైనా వాడొచ్చా?

జవాబు: వంటనూనె మాత్రం వద్దండీ. గాలి తగిలే కొద్దీ అది చిక్కబడి జిగురుగా మారుతుంది, మూకుడు అంచున ఎండిపోయి గోకినా రాని నూనె మరక చూసే ఉంటారు కదా, రైఫిల్ బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) లోపల కూడా అదే జరుగుతుంది. కొత్త సింథటిక్ ఇంజిన్ ఆయిల్ మాత్రం నిజంగానే బాగా పనిచేస్తుంది, అరుగుదల తగ్గించే రసాయనాలు అందులో ఉంటాయి, వేడినీ తట్టుకుంటుంది. కారులోంచి తీసిన పాత ఆయిల్ వద్దు, దాంట్లో మసి, ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. కుట్టుమిషన్ నూనె పల్చన, చిన్న భాగాలకు సరిపోతుంది, కానీ త్వరగా జారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయాలి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే సంగతి మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు: అది ముఖ్యంగా తేమను తరిమేందుకు తయారైంది, ఎక్కువకాలం నిలిచే కందెన కాదు.

ఏదైనా చుక్కల్లోనే. ముందు తూటాలన్నీ తీసి, చాంబర్ (కాల్చేటప్పుడు తూటా ఉండే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోండి. కాల్చే ముందు బ్యారెల్, చాంబర్ పొడిగా తుడవాలి. తూటాలకు నూనె అంటనివ్వకండి, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌లోకి దిగితే పేలకపోవచ్చు. బాగా చలిలో అయితే చిక్కటి ఆయిల్ వల్ల ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ మందగిస్తుంది, అక్కడ దాదాపు పొడిగా ఉంచడమే మేలు.