పటాన్ని కూడా చదివించు

చిరంజీవి అమ్మలుకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

మీ క్లాసు పిల్లలు పాఠం గడగడా చదివేస్తున్నారు గానీ ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తున్నారని ఫోన్‌లో చెప్పావు. నీ గొంతులో టెన్షన్ విని నాకు రాత్రంతా అదే ఆలోచన. ఏడో తరగతి పిల్లలు సోషల్ పాఠాన్ని కూడా కథలాగే మొదటి వాక్యం నుంచి చివరి దాకా చదువుకుపోతారమ్మా. ఉపశీర్షికలు, పట్టికలు, పటాలు, బొమ్మ కింద రాసిన మాటలు వాళ్ల కంటికి ఆనవు.

కొత్తలో నేనో పొరపాటు చేశాను. 'పటసూచిక (పటంలో ఏ రంగు, ఏ గుర్తు దేనికో చెప్పే పట్టీ) అనగా నేమి' అంటూ అన్నిటికీ నిర్వచనాలు నోట్సు రాయించాను. చక్కగా అప్పజెప్పారు. తీరా పటం ముందు నిలబెడితే ఒక్కరికీ ఏమీ తోచలేదు. అందుకే, పేర్లు తర్వాత నేర్పొచ్చు. ముందు పేరాల్లో దొరకని జవాబు ఒకటి అడుగు.

గోదావరినే తీసుకో. పాఠం చదివించకుండా భారతదేశ నైసర్గిక పటం, అదే ఎత్తుపల్లాలను రంగుల్లో చూపించే పటం దగ్గర ఆగండి. నది పుట్టిన త్ర్యంబకానికి ఏ సముద్రం దగ్గరో దారంతో కొలిచి, ఆ దారాన్ని పటం స్కేలు మీద పెట్టి చూడమను. అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్లే అని తేలుతుంది. మరి 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి బంగాళాఖాతానికి ఎందుకొచ్చింది? ఇక్కడ తొందరపడి జవాబు చెప్పేయకు. ఎంతసేపైనా ఆగు. వాళ్లే సూచికలో ఏ రంగు ఎంత ఎత్తో వెతుక్కుంటారు. పడమటి కనుమలు ఎత్తని, తూర్పుకు వచ్చేకొద్దీ నేల పల్లమవుతోందని ఎవరో ఒకరు పట్టేస్తారు. అప్పుడు పేరా చదివించు. ఆ చదువు వేరుగా ఉంటుంది, నువ్వే చూస్తావు.

ఉపశీర్షికను ప్రశ్నగా మార్పించు. 'ధవళేశ్వరం ఆనకట్ట' అని ఉంటే ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని చదవకముందే రాసుకోవాలి. కాటన్ పేరు, పని మొదలైన 1847, పూర్తయిన 1852 తేలిగ్గానే దొరుకుతాయి. 'ఎందుకు' దొరకకపోతే 'పుస్తకంలో లేదు' అని రాయనివ్వు, తప్పు కొట్టకు. పాఠం చివర ఉండే కీలక పదాలను మాత్రం ముందే ఒకసారి చూపిస్తే చాలు.

పట్టికలు చదవడానికి ఇంటి నుంచి కరెంటు బిల్లు తెమ్మను. పాత రీడింగు, కొత్త రీడింగు వెతికి, ఎన్ని యూనిట్లు కాలాయో లెక్క కట్టిన పిల్లకి పాఠంలో వర్షపాతం పట్టిక కొత్తగా అనిపించదు.

ఇంకొక్క మాట. పటాలు నలుపు తెలుపు జిరాక్సు తీయించకు. ఎత్తు చెప్పే రంగులన్నీ ఒకే బూడిద రంగులోకి పోతాయి. గోడ పటం ఒకటి మీ స్టాఫ్ రూములో చుట్టి పెట్టే ఉంటుంది, దుమ్ము దులిపి క్లాసుకి తీసుకెళ్లు. సోమవారం గోదావరి మొదలుపెట్టు, సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ